కాళ్ళ మీద నీళ్ళు పోసే బొడ్డమ్మ

డొంకూరు పల్లెలో ఇరవై ఏళ్ళపాటు పుట్టిన ప్రతి బిడ్డా బొడ్డమ్మ కాళ్ళ మీదే స్నానం చేసింది. పెరట్లో పీట మీద కూర్చుని, కాళ్ళు రెండూ చాపి, పసికందును వాటి మీద పడుకోబెట్టి, నూనె రాసి నలుగు పెట్టి గోరువెచ్చని నీళ్ళు పోసేది. ఎడమ కాలికి బోదకాలు. మోకాలి నుంచి మడమ దాకా ఒకటే వాపు. అయినా ఆ కాలు చూసి ముఖం చిట్లించినవాళ్ళు ఊళ్ళో లేరు. "బొడ్డమ్మ పెద్దకాలు పరుపులాగుంతాది, పిల్లలు అటే ఒరిగి నిద్దరోతారు" అని నవ్వేవారు. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయిన మనిషికి ఊరి పిల్లలంతా తన పిల్లలే.

రెండువేల రెండులో పట్నం నుంచి పరిశోధన చేసేవాళ్ళు వచ్చారు. బోదకాలు తెచ్చే పురుగులు రాత్రిపూటే నెత్తుట్లో తిరుగుతాయట, అందుకని చీకటి పడ్డాక వేలు పొడిచి రక్తం తీశారు.

"బాబూ, ఇందల ఏటి సూత్తారు?" అని అడిగింది బొడ్డమ్మ.

"ఒంట్లో ఏళ్ళ తరబడి ఉన్న పురుగు డీఎన్ఏ మనిషి కణాల్లోకి చేరుతుందేమో చూస్తున్నాం."

"డీయన్నే అంటే ఏటి బాబూ?"

"తల్లి నుంచి బిడ్డకు వచ్చేది" అన్నాడు రక్తం తీసినతను సీసా మూత బిగిస్తూ. అంతే, జీపెక్కి పోయాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా!

బొడ్డమ్మకు ఆ రాత్రి కునుకు పట్టలేదు. పురుగు తన రక్తమాంసాల్లో కలిసిపోయింది. తల్లి నుంచి బిడ్డకు పోయేదైతే, ఒళ్ళో వేసుకుని నీళ్ళు పోసిన బిడ్డలకు మాత్రం పోకుండా ఉంటుందా? తెల్లారి నూకరత్నం మనవణ్ణి ఎత్తుకొస్తే నడుం నొప్పని చెప్పి పంపేసింది. తరవాత వచ్చినవాళ్ళకూ అదే మాట. కొన్నాళ్ళకు అందరూ రావడం మానేశారు. ముసలిదానికి పొగరెక్కిందన్నారు.

మరుసటేడు కూతురు కుసుమ పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. బొడ్డమ్మ మనవరాలికి నీళ్ళు పోయడానికి వీధి చివర ఉండే పెద్దతల్లి అనే ఆవిడను పిలిచి, తాను గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. కుసుమ గుండె మండింది.

"ఊరోల్ల పిల్లలందరికీ పోసినావు. నా కూతురంటే నీకు అసయ్యమా అమ్మా?"

చెబితే ఏమవుతుంది? కుసుమ తన కడుపున పుట్టిందే కదా, ఆ భయం దాన్నీ పట్టుకుంటుంది. బొడ్డమ్మ నోరు కుట్టేసుకుంది. మూడో నెలలో కవిటిలోని అత్తారింటికి వెళ్ళిపోయిన కూతురు మళ్ళీ గడప తొక్కలేదు. పొద్దున్నే పక్కింట్లో పసిబిడ్డ ఏడుపు వినబడితే చాలు, బొడ్డమ్మ అలవాటుకొద్దీ నీళ్ళు కాచేది. కాగాక, ఆ నీళ్ళు ఎవరికి పోయాలో తెలిసేది కాదు.

రెండువేల ఎనిమిదిలో బోదకాలు మాత్రలు పంచే లావణ్య వచ్చింది.

"ఇది మింగితే పురుగు డీయన్నే కూడా పోతాదా అమ్మా?" అంది బొడ్డమ్మ.

లావణ్య బుజ్జగించి సంగతంతా రాబట్టి, నెత్తి కొట్టుకుంది.

"ఓలమ్మ! ఇది దోమకాటుకి వత్తాది. నీ ఒళ్ళు తగిల్తే రాదు. ఆల్లు సూత్తన్నామన్నారు గానీ, ఉందని సెప్పినారేటి?"

"నేదు."

"మల్లీ వచ్చినారా?"

"ఎవులూ రానేదు."

'చూస్తున్నాం' అన్న మాటను 'చూశాం' అని పట్టుకుని, ఆరేళ్ళు ఒంటరిగా కూర్చుంది పిచ్చిది!

మర్నాడే బస్సెక్కి కవిటి వెళ్ళింది. సంగతంతా విన్న కుసుమ, తల్లి భుజం మీద కొట్టి మరీ ఏడ్చింది. "ఒక్క ముక్క సెప్పనేకపోయినావేటమ్మా!" అని, వెంటనే నీళ్ళు కాచింది. బొడ్డమ్మ పెరట్లో పీట వేసుకుని, చీర మోకాళ్ళ దాకా లాక్కుని, కాళ్ళు రెండూ చాపి మనవరాలు సౌజన్యను పిలిచింది.

అయిదేళ్ళ పిల్ల ఆ కాళ్ళను చూసింది, తల్లిని చూసింది, అమ్మమ్మ చేతిలోని చెంబు మెల్లగా తీసుకుంది.

"నేను పెద్దదాన్నయిపోనాను. నేనే పోసుకుంతాను" అంటూ తడిక చాటుకు వెళ్ళింది.

తడిక వెనక నీళ్ళ చప్పుడు మొదలైంది.

"కాల్లు ముడుసుకోమ్మా, నీల్లు అటే పారతన్నాయి" అంది కుసుమ.

బొడ్డమ్మ ముడుచుకోలేదు.