కర్రోడికి నంద్యాలలో ఇల్లు

ఆ రోజుల్లో నాకు పెద్దల మాటల మీద గొప్ప నమ్మకం ఉండేది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ, కుక్కను వెంటబెట్టుకుని అద్దె ఇల్లు వెతికి చూడు అని ఒక్కరూ అనలేదు. నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీలో కొత్తగా చేరి, పెళ్లికాని మిత్రులతో ఒకే గదిలో ఇరుక్కుని ఉండేవాణ్ణి. పెళ్లయిన కొద్దిరోజులకే ఆషాఢం వచ్చింది, మా ఆవిడ ఆళ్లగడ్డలో పుట్టింటికి వెళ్లింది. శ్రావణంలో కాపురానికి రావాలి. బస్సెక్కేటప్పుడు ఒకే ఒక మాట అంది. "కర్రోడు రాకుంటే నేనూ రాను." కర్రోడంటే (కంగారు పడకండి, ముందు నేనూ పడ్డాను) వాళ్లింట్లో పెరిగిన నల్ల ఊరకుక్క.

ఇక ప్రతి ఆదివారం బొమ్మలసత్రం నుంచి నూనెపల్లె దాకా బైకు మీద తిరగడమే నా పని. టులెట్ బోర్డు కనబడితే చాలు, ఆగి గేటు తట్టేవాణ్ణి. ఏం పని చేస్తాండావు, యాడోళ్లు, ఏమోళ్లు అని ఓపిగ్గా అడిగేవాళ్లు. అన్నీ గట్టెక్కాక, "ఇంకెవరన్నా ఉంటారా?" అనేవాళ్లు. అక్కడే మునిగేవాణ్ణి. "మనుషులకే నీళ్లు సాలక సస్తాంటే కుక్క యాడిదప్పా? పో పో" అన్నాడు ఒకాయన. ఇంకొకాయన "ఏ జాతి?" అని అడిగితే, ఈసారి ప్రశ్న నా గురించి కానందుకు సంతోషపడి ఊరకుక్కే అన్నాను. "తెల్ల బొచ్చు కుక్కయితే ఇస్తాంటి" అని తలుపేసుకున్నాడు. ఒక పెద్దావిడ మాత్రం కరిగిపోయింది. "కుక్కలంటే నాకు పానం నాయనా. అందుకే ఇయ్యను. రేపు మీరు ఖాళీ చేసి దాన్ని తీసకపోతే నేనేడ్సుకుంటా కూసోవాల" అంది. ఆవిడ మీద కోపం కూడా రాలేదు. కోప్పడటానికీ ఓపిక కావాలి కదా.

వెతికింది చెప్పడానికి ఆళ్లగడ్డ పోతే అక్కడ ఇంకో చిక్కు. ఆషాఢంలో కొత్తల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. మా మామ శిల్పి, రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కే కొట్టం ఉంది. కొట్టానికి గడప లేదు కాబట్టి దోషం లేదని మామే తీర్పు చెప్పాడు. సగం చెక్కిన వినాయకుడి పక్కన కూర్చుని, మా ఆవిడ తెచ్చిన టీ తాగుతూ, "కర్రోణ్ణి ఈడే ఉంచితే మీ నాయన చూసుకోడా?" అన్నాను. "నేను పెడితేనే తింటాది. ఇల్లు దొరకలేదా, చెప్పు. నేనూ ఈడే ఉంటా" అంది. నవ్వుతూనే అంది. కానీ తిరుగు బస్సులో నాకు నిజంగానే భయం వేసింది. నిజంగా రాకపోతే?

శ్రావణం ఇంకా నాలుగు రోజులుందనగా రిటైరైన ఒక టీచరమ్మ దొరికింది. చర్చి నుంచి వస్తూ గేటు దగ్గరే విషయం తేల్చేసింది. "కుక్క ఉండనీప్పా. మొరిగితే మాత్రం ఖాళీ చేయాల." అది మొరగదని మాటిచ్చాను. నేను చూసినప్పుడల్లా కర్రోడు నిద్రపోతూనే ఉండేవాడు మరి. శ్రావణం రాగానే మా ఆవిడ వచ్చింది, పాలు పొంగించాం. పరుపులతో పాటు కర్రోడూ ఆటోలో దిగాడు.

దిగిన మధ్యాహ్నం నుంచీ ఒకటే ఊళ. పాలు పోశాం, గుడ్డు పెట్టాం, బతిమాలాం. టీచరమ్మ మేడ మెట్ల మీదకొచ్చి నిలబడింది.

"ఏందప్పా, మొరగదంటివే?"

"మొరగడం లేదమ్మా. ఏడుస్తాంది."

"ఆదివారం దాకా చూస్తా" అని వెళ్లిపోయింది.

మూడు రోజులైనా ఊళ ఆగలేదు. మళ్లీ ఆ గేట్లన్నీ తట్టాలా అని నీరసం వచ్చి మామకు ఫోన్ చేశాను. ఆయన చాలాసేపు నవ్వాడు. "అది కండ్లు తెరిసిందే మన కొట్టంలో అల్లుడా. పగలంతా ఉలి సప్పుడుకే పండుకుంటాది. ఆ సప్పుడు లేకుంటే దానికి నిద్ర యాడొస్తాది?" మర్నాడే బస్సులో ఒక ఉలి, చిన్న సుత్తి, పనికిరాని రాతిముక్క పంపించాడు.

అలా విత్తనాల కంపెనీ ఉద్యోగి మధ్యాహ్నం భోజనానికొచ్చి, లుంగీ కట్టుకుని, వరండాలో రాయి కొట్టడం మొదలుపెట్టాడు. టీచరమ్మ కిందికొచ్చి, "ఏం చెక్కుతాండావప్పా?" అంది. "ఏమీ లేదమ్మా, కుక్కను నిద్రపుచ్చుతాండా" అన్నాను. ఆవిడ "నీకోసం ప్రార్థన చేస్తాలే" అని మెల్లగా మెట్లెక్కింది.

కర్రోడు రెండు కళ్లూ మూసి, కాళ్లు చాపేశాడు. నా చెయ్యి లాగుతుంటే సుత్తి పక్కన పెట్టి, మంచినీళ్లకని లోపలికి వెళ్లాను. మా ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర, ఉత్త నేల మీద, చెంప కింద చెయ్యి పెట్టుకుని ఒళ్లెరగని నిద్రలో ఉంది. వచ్చినప్పటి నుంచీ రాత్రిళ్లు కళ్లు తెరుచుకునే ఉండేది. అడిగితే కుక్క గోలకు నిద్ర పట్టడం లేదనేది. నేనూ అదే నిజమనుకున్నాను.

నీళ్లు తాగకుండానే వెనక్కి వచ్చి సుత్తి అందుకున్నాను. కుక్క ఎప్పుడో పడుకుంది, అయినా ఆఫీసుకు ఆలస్యమయ్యేదాకా కొడుతూనే ఉన్నాను. నంద్యాలంతా తిరిగి కుక్కకు ఇల్లు వెతికానని మురిసిపోతున్న ఆ పిచ్చివాడు ఇప్పుడు గుర్తొస్తే నవ్వొస్తుంది, పాపం అనీ అనిపిస్తుంది.