పెళ్ళివారిని దించని రైలు

ఆ రోజుల్లో బందరులో గుడివాడ రైలెక్కి కూర్చున్నవాడికి బండి ఎప్పుడు కదులుతుందా అన్న దిగులే గానీ, ఆగుతుందా ఆగదా అన్న దిగులు ఉండేది కాదు. ఆగడం రైలుకి పుట్టుకతో వచ్చిన గుణమని అందరం నమ్మేవాళ్ళం. నేనూ నమ్మాను. నా ఇరవయ్యో ఏట ఒక మాఘమాసపు పగటిపూట, గుడివాడకి కాస్త ఎడంగా ఉన్న ఒక మామిడితోటలో ఆ నమ్మకం కాస్తా పోయింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పూట మాత్రం నవ్విన పాపాన పోలేదు.

ఇంటర్మీడియెట్ పరీక్షతో కుస్తీ పట్టి పట్టి ఓడిపోయాక మా అమ్మ నన్ను బందరులో ఉన్న తన తమ్ముడికి అప్పగించింది. మావయ్యకి రైసుమిల్లుల ఇంజన్లు బాగుచేసే చిన్న కార్ఖానా ఉండేది. ఎంత మొరాయించిన ఇంజనైనా ఆయన చెయ్యి పడితే కదిలేది. (కదలనిది నేనొక్కణ్ణేనని ఆయన అంటూండేవాడు.) నాకు కొంచెం బొమ్మలు వెయ్యడం వచ్చు గనక మిల్లుల బోర్డుల మీద పేర్లు రాయడం, ఇంజన్లకి రంగులు వెయ్యడం నా వంతు. అలా ఉండగా ఒకరోజు గుడివాడ నుంచి ఒక కామందుగారు గుర్రబ్బండి దిగి వచ్చారు. ఆయనకున్న తోటను బట్టి జనం ఆయన్ని తోటదొర అనేవారు. ఎప్పుడో మద్రాసు వెళ్ళినప్పుడు ఒక ఎగ్జిబిషన్‌లో మనుషుల్ని ఎక్కించుకుని తిరిగే బుల్లి రైలు చూశారట. అప్పట్నుంచీ ఆయనకి నిద్ర లేదు. "మేస్త్రీగారూ, మాఘంలో మా అమ్మాయి పెళ్ళి. వియ్యాలవారిది నాగాయలంక అవతల. పెళ్ళికొడుకు బామ్మగారు పుట్టి బుద్ధెరిగి రైలెక్కలేదంట. ఆ లంకలకి రైలెక్కడిదీ! విడిది నుంచి పెళ్ళిపందిరి దాకా వాళ్ళని మన రైల్లో తీసుకురావాలి. నిజంగా బొగ్గు మండాలి, పొగ రావాలి, కూత కుయ్యాలి" అన్నారు. మావయ్య గెడ్డం గోక్కున్నాడు. ఆయన గెడ్డం గోక్కుంటే ఒప్పుకున్నట్టే లెక్క.

అసలు ఇంజను ఎలా ఉంటుందో చూడ్డానికి గుడివాడ స్టేషనుకెళ్ళి, బండి నిలబడినంతసేపూ నేను కాగితాల మీద బొమ్మలు గీసుకునేవాణ్ణి. మావయ్య చక్రాల దగ్గర వంగి జానలతో కొలిచేవాడు. (ఇంజను డ్రైవరు మమ్మల్ని దొంగలనుకుని ఒకసారి పార పుచ్చుకుని దిగాడు.) వానాకాలమంతా మా కార్ఖానాలో మిల్లుల పని మూలపడింది. బాయిలరు రేకు వంచి రివిట్లు కొడుతుంటే వీధి వీధంతా చెవులు మూసుకుంది. మొత్తానికి దసరా దాటాక, నా రొమ్ము ఎత్తున, ఇత్తడి పొగగొట్టంతో ఇంజను నిలబడింది. వెనక నీళ్ళూ బొగ్గూ పెట్టుకునే తొట్టిబండి, దాని మీద డ్రైవరు కూర్చునే పీట, ఆ వెనక పల్లకీల్లాంటి మూడు పెట్టెలు. పనంతా అవుతుండగా దొరగారు వచ్చి చూసి, "ఇది వెనక్కి కూడా నడుస్తుందా?" అనడిగారు. నడిచేట్టు చెయ్యబోతున్నామని మావయ్య చెప్పాడు. "శుభమా అని పెళ్ళివారు వస్తుంటే బండి వెనక్కి నడవడమేంటండీ! అదేం వద్దు" అని ఆయన కొట్టిపారేశారు. తోట చుట్టూ గుండ్రంగా పట్టాలు వేస్తున్నాం కదా, ముందుకు పోతే చాలుననుకున్నాం.

రంగు మాత్రం పూర్తిగా నాది. నిగనిగలాడే నలుపు, దానిమీద సన్నని ఎర్రగీతలు, చక్రాల అంచుకి తెలుపు. గీత వంకర పోకుండా ఊపిరి బిగబట్టి వేశాను. ఇంజనుని తోటకి చేర్చి పట్టాలెక్కించాక, పెళ్ళికి ముందురోజు దొరగారి మేనత్త వచ్చి చూసింది. "ఓరి నాయనో! పెళ్ళింట నల్లది పెడతార్రా! ఎనుబోతులా ఉంది!" అని గుండె బాదుకుంది. మధ్యాహ్నానికల్లా పసుపు రంగు డబ్బాలు దిగాయి. ఏడుపు దిగమింగుకుని నేను ఇంజనుని నిలువునా పసుపు చేశాను. గొట్టం, బాయిలరు, మీటలు, కడ్డీలు, కనపడిందల్లా. ముందుభాగాన కుంకుమబొట్టు కూడా పెట్టాను. (ఆ మర్నాడు ఇంజనుకి ఆవిరి వదిలే మీట ఎందుకు బిగుసుకుపోయిందన్న విషయంలో మావయ్యా నేనూ చివరిదాకా ఏకాభిప్రాయానికి రాలేదు. కడ్డీ సందులో నా రంగు ఉడికి గట్టిపడిందని ఆయన వాదం. ఆవిరి కారకుండా కడ్డీ చుట్టూ ఆయన కూరిన నార ఎక్కువైందని నాది.)

పగటి ముహూర్తం. విడిది దగ్గర పెళ్ళికొడుకు బాసికంతో, జరీపంచెతో మొదటి పెట్టెలో కూర్చున్నాడు. పక్కనే బామ్మగారు, మనవడి మణికట్టు గట్టిగా పట్టుకుని. వెనక రెండు పెట్టెల్లో మగపెళ్ళివారి పెద్దలు. జారిపోకుండా తలుపులకి గెడలు పెట్టాం. మావయ్య ముందే వెళ్ళి పందిరి దగ్గర నిలబడ్డాడు. నేను తలపాగా చుట్టుకుని పీట మీద కూర్చుని మీట లాగాను. రాలేదు. రెండు చేతులా లాగితే ఒక్కసారిగా ఊడి వచ్చినట్టు వచ్చింది. బండి కదిలింది. కూత కూసింది. ఆడా మగా చప్పట్లు కొట్టారు. మామిడిపూత మీంచి పొగ పోతుంటే, దేవుడా, ఈ జన్మకి ఇది చాలనిపించింది.

పందిరి దగ్గరపడింది. సన్నాయి అందుకున్నారు. ముత్తైదువలు హారతి పళ్ళెంతో పట్టాల పక్కకి వచ్చారు. నేను మీట వెనక్కి తోశాను. కదల్లేదు. భుజం ఆనించి తోశాను. కదల్లేదు. హారతి, సన్నాయి, దొరగారి చిరునవ్వు, అన్నీ నా పక్కనుంచి వెనక్కి వెళ్ళిపోయాయి. "ఓహో, ప్రదక్షిణం చేయిస్తున్నారు! ఏం మర్యాదండీ!" అని వెనక పెట్టెలో ఒక పెద్దాయన మెచ్చుకున్నాడు.

కాలిబ్రేకు తొక్కాను. చెక్కదిమ్మలు చక్రాలకి ఆనుకుని కాసేపు కీచుమన్నాయి, తర్వాత పొగలు చిమ్మి మాడిపోయాయి. రెండోసారి పందిరి దగ్గరికి వచ్చేసరికి మావయ్య పట్టాల పక్కన పరిగెడుతున్నాడు.

"ఆపరా!"

"ఆగట్లేదు మావయ్యా!"

అంతే, ఆ చుట్టుకి ఆ రెండు మాటలే. మళ్ళీ మాట్లాడాలంటే తోటంతా తిరిగి రావాలి. మూడోసారి, "బొగ్గెయ్యకు!" అన్నాడు. నేను వెయ్యడం ఎప్పుడో మానేశాను గానీ, కుంపటిలో ఉన్నదే రాజసూయానికి సరిపోయేలా మండుతోంది. నీళ్ళమట్టం చూపే గాజుగొట్టంలో నీళ్ళు దిగుతున్నాయి. చేతిపంపు కొట్టి తొట్టిలోంచి బాయిలరుకి నీళ్ళు ఎక్కిస్తున్నాను. ఆ తొట్టేమో ఒక్క పందిరి దాకా వెళ్ళే ప్రయాణానికి నింపింది. నీళ్ళైపోయి బాయిలరు ఎండితే ఏమవుతుందో మావయ్య నాకు మొదటిరోజే చెప్పాడు. ఉయ్యూరు దగ్గర ఒక మిల్లు పైకప్పు పక్కూరి చేలో దొరికిందట.

పెళ్ళికొడుకు ముందుకి వంగి నెమ్మదిగా, "ఏవండీ, ఏదన్నా ఇబ్బందా?" అనడిగాడు.

"అబ్బే, ఏం లేదండీ. కొత్త ఇంజను కదా, కాస్త ఉత్సాహం మీదుంది" అన్నాను.

నాలుగోసారి దొరగారు కండువా చేత పట్టుకుని పక్కనే పరిగెడుతూ, "ఏంటయ్యా ఇది! ముహూర్తం! ముహూర్తం!" అన్నారు. పురోహితుడుగారు పందిట్లోంచి చెయ్యి ఊపుతూ, "అయ్యా, వరుణ్ణి దూకమనండి!" అని అరిచారు. "దూకితే కాళ్ళిరుగుతాయి, నేను వదల్ను" అని బామ్మగారు మనవడి చెయ్యి ఇంకాస్త బిగించింది. పక్కనే పంటబోదె, దాన్నిండా నీళ్ళు. ఎవరు మాత్రం దూకుతారు?

పంపు కొడుతూ కొడుతూ ఉండగా నాకు ఇంజనుని మొదట నడిపి చూసిన రోజులు గుర్తొచ్చాయి. పొద్దున్నే మంచు పడి పట్టాలు తడిసి ఉంటే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగేవి, బండి కదిలేది కాదు. ఇసక చల్లి నడిపించేవాళ్ళం. అప్పుడు ఎందుకు కదలదా అని తిట్టుకున్నాను. ఇప్పుడు అదే కావాలి! పందిరి రాగానే, "పట్టాలకి నూనె!" అని అరిచాను. మావయ్య తలూపాడు. ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ చుట్టు తిరిగి వచ్చేసరికి ఆయన మరలకి వేసే నూనెబుడ్డి పట్టుకుని నిలబడి, అది నా చేతికి అందించాడు.

"నాకు కాదు మావయ్యా! పట్టాలకి! చక్రాలు జారాలి!"

ఆయన మొహం ఒక్క క్షణం తెల్లబోయింది, మరుక్షణం వెలిగింది. నేను మలుపు తిరుగుతూ వెనక్కి చూస్తే పంచె ఎగ్గట్టి వంటశాలకేసి పరిగెడుతున్నాడు. పంపు గాలి పీల్చడం మొదలుపెట్టింది. తొట్టి ఎండిపోయింది. గాజుగొట్టంలో నీళ్ళు అడుగున వేలెడు. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. ఆ కంగారులో పరీక్ష పాసవుతానని కూడా మొక్కేశాను.

మలుపు తిరిగేసరికి పందిరి ముందు పట్టాలు కాస్త ఎత్తెక్కేచోట కనపడిన దృశ్యం నేను చచ్చేదాకా మరవను. మావయ్య ఒక పట్టా పక్కన, పెద్ద వంటవాడు ఇంకో పట్టా పక్కన, గుండిగల్లోంచి నూనె ధారలు కడుతున్నారు. అవతల నలుగురు పాలేర్లు పెట్టెల్ని పట్టుకోవడానికి చేతులు చాచి నిలబడ్డారు. ఇంజను నూనె మీదికెక్కింది. చక్రాలు ఒక్కసారిగా విష్ణుచక్రంలా తిరిగాయి. కడ్డీలు కళ్ళకి కనపడలేదు. బండి మాత్రం తగ్గింది. ఇంకా తగ్గింది. పాలేర్లు పట్టుకున్నారు. ఆగింది! దొరగారు స్వయంగా గెడ తీసి అల్లుణ్ణి ఎత్తుకున్నంత పని చేసి పందిట్లోకి తోశారు. మావయ్య కొక్కెంతో కుంపటిలో నిప్పులు కిందికి లాగుతున్నాడు. వంటవాడు అభిషేకం చేస్తున్నట్టు నూనె పోస్తూనే ఉన్నాడు. ఆవిరి చల్లారి చక్రాలు ఆగేసరికి లోపల మంగళవాయిద్యాలు గట్టిగా మోగాయి.

బామ్మగారు అందరికంటే వెనక దిగింది. నా దగ్గర ఆగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఆపడం రాలేదు కదూ అబ్బాయ్?" అంది. "రాలేదండీ" అన్నాను. "పోన్లే. మా రేవు పడవవాడు మొదటిసారి నన్ను సముద్రం కేసి తీసుకుపోయాడు. ఎవరికీ చెప్పన్లే. భోజనాలయ్యాక నీళ్ళు పోసి ఇంకో చుట్టు తిప్పు" అని లోపలికెళ్ళిపోయింది.

ఆమె నిజంగానే ఎవరికీ చెప్పలేదు. మగపెళ్ళివారు లంకలన్నిటా ఈ మర్యాద గురించి చెప్పుకున్నారట. విందులో బూరెలూ గారెలూ లేవని చిన్న గొణుగుడు వినపడింది గానీ, నూనె ఏమైందో వాళ్ళకి తెలియదు. తర్వాత యుద్ధం వచ్చింది, ఇనుముకి గిరాకీ పెరిగి పట్టాలు పోయాయి. బాయిలరు ఏదో మిల్లులో వడ్లు ఉడకబెట్టడానికి వెళ్ళిందన్నారు. మావయ్యా లేడు. నేను జీవితమంతా ఇంజన్ల మధ్యే గడిపాను, వాటిని ఆపడం బాగానే నేర్చుకున్నాను. ఒక్కోసారి మాఘంలో ఎండ వాలే వేళ వీధరుగు మీద కూర్చుంటే ఆ కుర్రాడు కనపడతాడు. మొహాన పసుపు చారలు, మసి, మాడిన తలపాగా. పంపు కొట్టిన చేతులు బొబ్బలెక్కి విస్తట్లో అన్నం కలుపుకోలేకపోతున్నాడు. అయినా పక్కన కూర్చున్న పెళ్ళికొడుకు స్నేహితులతో, "బండి నడిపింది నేనేనండీ" అని ఛాతీ విరుచుకుని చెబుతున్నాడు. ఒరే, నువ్వు నడిపావుట్రా అని అడుగుదామని నోటిదాకా వస్తుంది. పోనీలే, చెప్పుకోనీ అని ఊరుకుంటాను.