వియత్నాం ప్రయాణానికి వైఫై డబ్బా: తిరుచానూరు నుంచి సరిహద్దు చెక్‌పోస్టు దాకా

వేసవి సెలవుల్లో మా స్కూలు టీచర్లం నలుగురం కలిసి పది రోజులు వియత్నాం వెళ్ళాలని అనుకున్నాం. చెన్నైలో విమానం, వీసా, గదులు అన్నీ కుదిరాయి. కుదరంది ఒక్కటే, మా అక్క. తిరుచానూరులో మా ఇంట్లో ఉండేది మేమిద్దరమే. అక్క మునెమ్మకు పుట్టుకతోనే వినబడదు, మాట రాదు. బడికి పోలేదు కాబట్టి చదవడం కూడా రాదు. అమ్మవారి గుడి దగ్గర పూల అంగళ్ళకు మాలలు కట్టి ఇస్తుంది. మేమిద్దరం మాట్లాడుకునేది చిన్నప్పుడు మేమే కల్పించుకున్న చేతిగుర్తులతో. నాయన అంటే మీసం మెలేయడం. తిరుమల అంటే నుదుటి మీద మూడు గీతలు. చనిపోవడం అంటే అరచేతిని నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్ అని ఊదేయడం. నాయనకు ఈ భాష సగం వచ్చేది. ఆయన పోయాక ఈ భూమ్మీద ఇది తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం. అంటే నేను పది రోజులు కంటికి కనబడకపోతే, ఆ పది రోజులూ అక్కకు మాట్లాడే మనిషే ఉండదు.

పక్కింటి సుగుణక్క అన్నం పెడతానంది. కానీ మాట పెట్టలేదు కదా. రోజూ సాయంత్రం వీడియో కాల్ చేస్తానని అక్కకు మాటిచ్చాను. హోటల్లో వైఫై ఉంటుంది కదా అని మీరు అడగవచ్చు. మా సాయంత్రాలన్నీ ఊరి నుంచి ఊరికి బస్సులోనే గడిచేలా ఉన్నాయి. నా ఫోను పాతది, రోజూ కాసింత డేటా ఇచ్చే రోమింగ్ ప్యాకుతో వేళ్ళు స్పష్టంగా కనబడేంత వీడియో రాదు. జేబులో పట్టే వైఫై డబ్బా ఒకటి ఉంటే ఆ దేశం సిమ్ము అందులో వేసుకుని నలుగురం వాడుకోవచ్చని మా లెక్కల టీచరు చెప్పింది. సరే, కొందాం. కానీ ఒక సంగతి ముందే చెప్పాలి. నాకు అనుమానం ఎక్కువ. లడ్డూ కౌంటరులో కూడా కవరు విప్పి లెక్కపెట్టుకునే రకాన్ని. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతంతో నేను కాపురం చేసి నలభై ఆరేళ్ళయింది.

రెండో శనివారం ఉదయం తొమ్మిదికి అక్కను తీసుకుని బయలుదేరాను. డబ్బా వాడకంలో అవతలి కొస తనే కాబట్టి తను లేకుండా కొనడం అర్థం లేని పని. తిరుచానూరు నుంచి తిరుపతి బస్టాండు దాకా షేర్ ఆటోలో మనిషికి ఇరవై. పది గంటలకు ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపు తెరిచీ తెరవగానే లోపలికి వెళ్ళాం. కౌంటరులో ఉన్న పెద్దమనిషి ఇస్త్రీ చొక్కా, వేలికి రెండు ఉంగరాలు. అడక్కుండానే ఏసీ కింద కుర్చీలు వేయించాడు, బాదంపాలు తెప్పించాడు. అతి వినయం ధూర్త లక్షణం అని మా పిల్లలకు ఏటా చెబుతూనే ఉంటాను. బాదంపాలు మాత్రం తాగాను.

"నూట నలభై దేశాల్లో పనిచేస్తాది మేడం. సిమ్ములు గిమ్ములు ఏం వద్దు, అంతా లోపలే ఉండాది. తొమ్మిది వేల ఎనిమిది నూర్లు. మేం మోసం చేసే రకం కాదు, యాడన్నా అడగండి," అన్నాడు.

మోసం మాట నేను ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ అంటే ఈయన భుజాలు తడుముకుంటున్నాడేమిటి అనుకున్నాను. "పనిచేసి చూపించండి," అన్నాను. నా ఫోను తీసుకుని, ఆయనే ఏదో పాస్‌వర్డు కొట్టి, నల్లటి డబ్బా ఒకటి కౌంటరు మీద పెట్టాడు. నేను అక్క ఫోనుకు వీడియో కాల్ చేశాను. గుమ్మం దగ్గర నిలబడ్డ అక్క తెరలో నిగనిగలాడుతూ కనబడింది. ఒక్క వేలు కూడా మసకబారలేదు. నిజం చెప్పాలంటే నేను పర్సు జిప్పు తీశాను.

అప్పుడు అక్క వచ్చి, తన ఫోను కౌంటరు మీద వెల్లకిలా పెట్టి, డబ్బాను చేతిలోకి తీసుకుంది. అక్కకు ముప్పై ఏళ్ళుగా పూలతోనే బతుకు. గుప్పెట్లోకి తీసుకుంటే మల్లెమొగ్గలు పావుకిలోకు ఎన్ని తక్కువో చెప్పగలదు. డబ్బాను రెండుసార్లు పైకీ కిందికీ ఆడించి, తల అడ్డంగా ఊపింది. గోటితో వెనక మూత ఊడదీసింది. లోపల బ్యాటరీ లేదు. నా ఫోను చూస్తే, అక్క ఫోను కెమెరా ముందున్న షాపు ఫ్యాను ఇంకా గిరగిరా తిరుగుతూనే కనబడుతోంది. ప్రాణం లేని డబ్బా నుంచి అంత చక్కటి వీడియో వస్తోందన్నమాట.

"అది షోకేస్ పీసు మేడం... మా షాపు వైఫై కలిసిపోయినట్టుండాది," అన్నాడాయన, ఉంగరాలు తిప్పుకుంటూ.

"అదేం కలిసిపోలేదు. కలిపింది మీరే," అని లేచాను. ఆటో ఎక్కిన తర్వాత కూడా భయం వదల్లేదు. డబ్బు పోతుందని కాదు. ఆ డబ్బా పట్టుకుని వియత్నాంలో దిగి ఉంటే నాకు ఆ సంగతి తెలిసేది అక్కడ, మొదటి సాయంత్రం.

చిత్తూరులో మునిరత్నం అని ఒకాయన ఉన్నాడని, కువైట్‌లో పన్నెండేళ్ళు ఫోన్లు రిపేరు చేసి వచ్చాడని మా బంధువొకరు చెప్పి ఉన్నారు. పదకొండున్నరకు చిత్తూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం. కండక్టరు ఇచ్చిన సున్నా టికెట్టును కూడా ఇటూ అటూ తిప్పి చూసి జాగ్రత్తగా దాచుకున్నాను. చంద్రగిరి దాటాక రోడ్డు బాగుంది, ఎండ మాత్రం కిటికీ రేకు మీద చెయ్యి పెట్టనివ్వలేదు. అక్క దారంతా నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. అలసిపోయిందనుకున్నాను. ఒకటిన్నరకు దిగి, బస్టాండు ఎదురుగా భోజనం చేశాం, ఇద్దరికీ రెండు వందలు. పప్పులో ఉప్పు తక్కువ, ఊరగాయ అమోఘం.

మునిరత్నం అంగడి ఒక సందులో, మనిషి పట్టేంత గది. బనియనుతో కూర్చుని, కంటికి అద్దం పెట్టుకుని ఏదో అతికిస్తున్నాడు. తల ఎత్తకుండానే, "ఏం కావాల్నమ్మా?" అన్నాడు. చెప్పాను. ఒక పాత అట్టపెట్టెలోంచి తెల్లటి డబ్బా తీశాడు.

"మూడు వేల రెండు నూర్లు. దీనికి తాళం లేదు, ఏ కంపెనీ సిమ్ము ఏసినా తీసుకుంటాది," అని రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములు ఒకదాని తర్వాత ఒకటి వేసి చూపించాడు. నేను ముందుగా డబ్బా వెనక మూత తీసి చూశాను. బ్యాటరీ ఉంది.

"వియత్నాంలో పనిచేస్తుందని చూపించండి," అన్నాను.

ఆయన అద్దం తీసి నన్ను మొదటిసారి చూశాడు. "అదెట్లా సూపించేదమ్మా? ఆ దేశం సిమ్ము ఈడ పలకదు. ఆడ ఎయిర్‌పోర్టులో దిగినాక పాస్‌పోర్టు సూపించి కొనుక్కోవాల. ఈడ నేను సూపించగలిగేది డబ్బా మంచిదా కాదా అనే. ఆడ కొండల్లో సిగ్నల్ ఉండాదా లేదా అనేది నేను సెప్తే అబద్ధమైపోతాది."

ఇంత నిజం చెప్పే వ్యాపారిని నేనెన్నడూ చూడలేదు. అందుకని ఆయన మీద ఇంకా అనుమానం వచ్చింది. అప్పుడే నాకు ఒక గొప్ప ఆలోచన కూడా వచ్చింది. మా వైపు వాళ్ళెవరికైనా తెలిసిందే, వేలూరు పోయేటప్పుడు సరిహద్దు దాటగానే ఫోను కిణుక్కుమని తమిళనాడుకు స్వాగతం చెబుతుంది. గాలిలో సిగ్నల్ మారినట్టే కదా! ఈ డబ్బాను అక్కడికి తీసుకెళ్ళి చూస్తే బయటి ఊళ్ళో ఎలా పలుకుతుందో తేలిపోతుంది. అదే చెప్పాను.

మునిరత్నం నవ్వాపుకోలేకపోయాడు. "తమిళనాడు ఫారిన్ కాదుమ్మా! మన సిమ్ము ఆడైనా ఈడైనా ఒకటే."

"మీరలాగే అంటారు," అన్నాను.

"సరే, ఎత్తుకోని పోయి సూడండి. నా సిమ్మొకటి దాంట్లోనే ఉండాది. దుడ్లు ఇప్పుడొద్దు, నచ్చితే ఇయ్యండి. ఆరుకల్లా వచ్చేయండి. రెండున్నరైంది, నాకింకా బోణీ కాలేదు. అట్లని అబద్ధంతో బోణీ చెయ్యను."

ఊరూ పేరూ తెలియని మనిషికి సరుకు ఉత్తినే ఇస్తాడా? ఇది దొంగ సరుకేమో అనిపించి, అంగడి బోర్డు ఫోటో తీసుకున్నాను. ఆయన కూడా ఫోనెత్తి నా ఫోటో తీశాడు. "మీకు నా మీద ఎంతో, నాకు మీ మీదా అంతే," అన్నాడు. మనిషి కాస్త నచ్చాడు.

వేలూరు బస్సులో ఆధార్ చాపితే కండక్టరు మొహం చిట్లించాడు. "ఇది పక్క రాష్ట్రం బండి, ఆధార్ చెల్లదుమ్మా. దుడ్లు తీయండి." చెక్‌పోస్టు దాకా ఇద్దరికీ టికెట్టు తీసుకున్నాను, అరగంట ప్రయాణం. మూడున్నరకు దిగాం. అక్కను ఇవతల చెరుకురసం బండి దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టి, నేను ఆంధ్రా దాటి, రోడ్డుకు అవతల తమిళ బోర్డున్న టీకొట్టు దాకా నడిచాను. ఫోను కిణుక్కుమంది. పరీక్ష మొదలైందని గర్వంగా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. మునిరత్నం చెప్పినట్టు అది మన సిమ్మే, మన దేశమే.

కాల్ చేశాను. నా ఫోను డేటా ఆపి, డబ్బా వైఫై మీదే. అక్క తెర మీదికి వచ్చింది. పూల పసరుతో నల్లబడ్డ వేలికొసలు కూడా కనబడుతున్నాయి. రసం బాగుందా అని అడిగాను. అల్లం ఎక్కువైందంది. నాకూ ఒకటి చెప్పమన్నాను. మధ్యలో లారీలు పోతున్నాయి. తల ఎత్తితే ఒకరికొకరం కనబడేంత దూరం, అయినా ఇద్దరం ఫోన్లలోకే చూస్తూ చేతులు ఊపుకుంటున్నాం. టీకొట్టాయన కాసేపు చూసి, "ఏమక్కా, ఎదురుగానే ఉండారు గదా, కోపమా?" అని అడిగాడు.

అంతటితో ఆపి ఉంటే బాగుండేది. కానీ డబ్బా ఆగిపోతే మళ్ళీ ఎంతసేపట్లో అందుకుంటుందో చూడాలనిపించింది. బటన్ నొక్కి ఆపేశాను. అక్కకు ముందు చెప్పలేదు.

టీకొట్టు దగ్గర నుంచి చూస్తున్నాను. అక్క ఫోనును తట్టింది, ఊపింది. దగ్గరగా పెట్టుకుని చూసింది. నేను లేచి రెండు చేతులూ ఊపాను. తను తల ఎత్తలేదు. తన చూపంతా ఆగిపోయిన నా బొమ్మ మీదే ఉంది. తర్వాత ఫోను ఒళ్ళో పెట్టుకుని, అరచేతిని నోటి దగ్గరికి తెచ్చుకుని ఊదింది. ఎవరికీ చెప్పడం లేదు. తనలో తను అనుకుంటోంది.

నాయన విషయంలో తప్ప ఆ గుర్తు మా ఇంట్లో ఎవరి గురించీ వాడలేదు. లారీ వస్తోందో లేదో కూడా చూడకుండా రోడ్డు దాటాను. అక్క నా మణికట్టు పట్టుకుని ఎంతకీ వదల్లేదు. వదిలాక చేతులతో గబగబా చెప్పింది. నాయనను తిరుపతి ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు తనకు ఫోనులో చూపించామట. మధ్యలో ఫోను ఆగిపోయిందట. తర్వాత ఇంటికి నాయన శవమే వచ్చింది. ఫోను ఆగిన సంగతి నాకు గుర్తే లేదు. ఫోను ఆగితే అవతలి మనిషి లేనట్టేనని అక్క ఇన్నేళ్ళుగా నమ్ముతోంది. దారంతా మౌనంగా ఉన్నది, రేపు నేనూ అలాగే ఫోనులో ఆగిపోతానేమోనని. నేను ఉదయం నుంచి షాపువాళ్ళను, టికెట్లను, డబ్బాలను అనుమానిస్తూ తిరిగాను. నా పక్క సీట్లో కూర్చున్న మనిషి గుండెలోని భయాన్ని మాత్రం గమనించలేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది, అక్కడే ఏడ్చాను.

చెరుకురసం బెంచీ మీదే కూర్చుని ఇద్దరం కొత్త గుర్తు ఒకటి కల్పించుకున్నాం. పిడికిలి బిగిస్తే డబ్బా ఆగిపోయిందని. తర్వాత గుండె మీద అరచేత్తో రెండు తట్లు తడితే, నేనున్నానని. డబ్బా ఆపడం, గుర్తు పెట్టడం, మళ్ళీ ఆన్ చేయడం. అక్క మొహం తేటపడే దాకా పదిహేను సార్లయినా చేసి ఉంటాం. ఐదున్నరకు చిత్తూరు తిరిగొచ్చి మునిరత్నానికి డబ్బిచ్చాం. నోట్లు కళ్ళకద్దుకుని, "ఫారిన్‌లో బాగా పలికిందామ్మా?" అని అడిగాడు. ఆ ఎగతాళికి నేను అర్హురాలినే.

మేలో వియత్నాం వెళ్ళాం. డబ్బా రోజూ బాగానే పనిచేసింది. ఐదో రోజు కొండల్లో మాత్రం, మునిరత్నం మాట ఇవ్వలేనన్నట్టే, ఒకటిన్నర రోజు సిగ్నల్ లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్క ఏమనుకుంటోందో, ఊదేసిందేమో అని ఒకటే భయం. మర్నాడు సాయంత్రం కింది ఊరికి దిగి కాల్ చేస్తే, సుగుణక్క పక్కన కూర్చుని అక్క కనబడింది. నేను నోరు తెరిచేలోపే సుగుణక్క, "రేవతీ, నిన్న ఫోన్ రాలేదని నేనే కంగారు పడినా. మునెమ్మే నాకు ధైర్యం చెప్పింది," అంది. ఎలా చెప్పిందని అడిగాను. సుగుణక్క కాస్త తడబడుతూ పిడికిలి బిగించి, గుండె మీద రెండు తట్లు తట్టింది. ఇద్దరికే తెలిసిన మా భాష ఇప్పుడు ముగ్గురికి వచ్చు.

మీరూ ఇలాంటి డబ్బా కొనబోతుంటే నా సలహా ఒకటే. షాపు వైఫై ఆపించి, మూత తీసి బ్యాటరీ చూసుకుని, డబ్బాను వీధిలోకి తెచ్చి, మీ ఇంటి మనిషికే కాల్ చేసి చూడండి. అలా మాట్లాడుతూ ఒక్కసారి కావాలనే ఆపండి, కానీ ఆపే ముందు చెప్పి ఆపండి.