ముల్లు లేని బండి

మా వ్యానులో ఇంజిన్ వేడి చూపే ముల్లు లేదు. కొన్న రోజే వెతికాను. స్పీడు ముల్లు ఉంది, డీజిల్ గీతలు ఉన్నాయి, తలుపు సరిగా పడకపోతే కూతపెట్టే బొమ్మ కూడా ఉంది. అడిగితే షోరూములో టై కట్టుకున్నతను నవ్వాడు.

"వేడెక్కితే ఎర్ర లైటు వస్తది అంకుల్. మీకు ఫికరే ఉండది."

ఎర్ర లైటు వచ్చింది. వచ్చేసరికి ఇంజిన్ పోయింది.

వెనకట నేను డోర్నకల్ దాకా మిర్చి బస్తాలు తోలిన వ్యానులో ముల్లు ఉండేది. సగం దాటి అది కాస్త పైకి పాకిందంటే కాలు దానంతటదే తేలికయ్యేది. ఆ ముల్లును చూసి చూసి ఇంజిన్ సంగతి తెలుసుకున్నాను. బడి నాకు నాలుగో తరగతితోనే సరి. ఇంగ్లిషు అక్షరాలు సైతం బండ్ల వెంట వచ్చే పుస్తకాల్లోనే కూడబలుక్కున్నాను. అలాంటి ముల్లును పీకేసి, దాని చోట ఒక దీపం పెట్టి, దీన్ని సుఖం అనుకోమంటారు. నడిపేవాడికి ముందుగా తెలియాల్సిన మాట అంతా అయిపోయాక చెప్పడం ఏం సుఖమో నాకు అర్థం కాదు.

ఇంజిన్ బాగు చేయించాం. సర్వీసు సెంటరువాళ్లు కొత్త రేడియేటర్ కూడా వేశారు. అయినా ఒక పెళ్లి తిరుగు ప్రయాణంలో మళ్లీ పొగలు కక్కింది. సుబేదారిలో ఆఫీసు పని చేసుకునే మా అబ్బాయి ఆ సాయంత్రమే తేల్చేశాడు.

"బాపూ, ఇంగొక్కసారి వేడెక్కిందంటే అమ్ముడే. గిరాకి తయారున్నడు. నువ్వు ఇంట్ల కూసోని టీవీ సూడు."

టీవీ సూడు. పెళ్లిళ్లకు, చావులకు, గుట్టలకు, దవాఖానాలకు ఈ ఊరి జనాన్ని మోసిన చేతులివి. ఆ బండి పోతే నేను చేసే పని మరొకటి లేదు.

మళ్లీ సర్వీసు సెంటరుకు పోయాను. స్టీరింగు కింద ఒక సాకెట్టు ఉంటుంది. దానికి తీగ తగిలించి, అక్కడి ఇంజనీరు ల్యాప్‌టాప్‌లో అంకెలు చూస్తున్నాడు. నేను మెడ చాపితే తెర అటు తిప్పాడు.

"మీకు సమజ్ కాదు అంకుల్. బండి ఓకే ఉన్నది."

నా బండి ఒంట్లో వేడి ఎంతో అతనికి తెలియవచ్చు, ఆ ల్యాప్‌టాప్‌కు తెలియవచ్చు, నాకు మాత్రం తెలియకూడదు. ఆ రోజే హన్మకొండలో బండ్ల సామాన్ల దుకాణాలన్నీ తిరిగి, అదే సాకెట్టుకు తగిలే చిన్న మీటరు కొనుక్కొచ్చాను. అరచేతిలో పడుతుంది. ఇంజిన్ వేడి, బ్యాటరీ వోల్టులు, స్పీడు, అన్నీ అంకెల్లో చూపిస్తుంది.

తీగను సాకెట్టుకు గుచ్చి, పెడళ్లకు తగలకుండా డాష్‌బోర్డు అడుగు నుంచి లాగి, బిగించుకుంటూ పైకి తెచ్చాను. అక్కడ వచ్చింది పేచీ. కుడి మూలన పెడితే పొద్దుటి ఎండకు తెర తెల్లబోతున్నది. స్టీరింగు వెనక పెడితే చక్రం అడ్డం. మిగిలింది డాష్‌బోర్డు నడిమధ్య. అక్కడ సిలువ ఉంది. బండి ఇంటికొచ్చిన రోజు పాస్టరుగారు ప్రార్థన చేసి అంటించినది.

"జర పక్కకు జరుపుతనే," అన్నాను మా ఆవిడతో.

"నీ మీటరు జరుపుకో. ప్రభువును జరుపుతవా?"

"జరిపేది ప్రభువును కాదు, ప్లాస్టిక్‌ను."

"గట్లనే అను. ఎర్ర లైటు ఊకెనే వచ్చిందా మరి?"

సిలువ కదల్లేదు. మీటరు దానికి ఎడమ పక్కన, ఆమె కూర్చునే వైపు అతికింది. అంత దూరం నుంచి ఆ సన్న అంకెలు నాకు ఆనవు. చదువుకునే అద్దాలు పెట్టుకుంటే రోడ్డు ఆనదు. ఇంత చేసి, చివరికి మీటరు చూడాల్సినవాడికే కనబడకుండా పోయింది. మా ఆవిడ తెర మీది అంకెలు చదివి చూసి, "నేనొస్త పా. నేను సదువుత, నువ్వు నడుపు," అన్నది.

ఆ సోమవారం కిరాయి పాలకుర్తి గుట్టకు. బజారులో స్టీలు సామాన్ల దుకాణం నడిపే సేటు, అతని ఇంటివాళ్లు. ముందు సీట్లో మా ఆవిడను చూసి సేటు భార్య ఆశ్చర్యపోయింది.

"ఏందక్కా, మా దేవుని కాడికి నువ్వు సుత వస్తానవా?"

"మీటరు సదవనీకి వస్తాన చెల్లె. ఈయనకు కండ్లు ఆనయ్."

దారంతా తొంభై దాటలేదు. గుట్ట ఎక్కే రోడ్డు మీద బండ్లు బారులు తీరి, నత్తల్లా కదులుతున్నాయి. అప్పుడు మొదలుపెట్టింది.

"తొంభై ఆరు... తొంభై తొమ్మిది... నూట మూడు."

ఏసీ ఆపేశాను. నూట ఐదు. అద్దాలన్నీ దించమని, చలికాలం వాడే హీటరు పూర్తిగా తిప్పాను. ఇంజిన్ వేడిని కొంతైనా లోపలికి లాగేస్తుందది. వెనక సేటుకు చెమటలు కారిపోయాయి.

"పెద్దాయనా, ఏసీ బండంటివి. గిది పొయ్యి లెక్కనే ఉన్నది."

"పొయ్యే సేటూ. గీ పొయ్యి లేకుంటే గుట్ట నడిచెక్కుతరు."

ముందు బండ్లు కదిలాయి. మేమూ కాస్త వేగంగా సాగాం. నూట ఒకటి. మళ్లీ ఆగాం. నూట నాలుగు. అప్పటిదాకా అంకెలు తప్ప మరో మాట అనని మా ఆవిడ నా వైపు తిరిగింది.

"నడిస్తె తగ్గుతాంది. ఆగితె పెరుగుతాంది. గాలి తాకుతలేదేమో సూడరాదు."

రేడియేటరో, నీళ్ల పైపో అని ఇన్నాళ్లూ నేను కొట్టుకుంటున్నాను. నడుస్తుంటే బయటి గాలే ఇంజిన్‌ను చల్లారుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాను చేయాలి. పైకి చేరాక, వాళ్లు దర్శనానికి పోగానే, ఇంజిన్ నడుస్తుండగానే బానెట్ ఎత్తాను. ఫ్యాను రెక్కలు కదలడం లేదు. ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, ఫ్యాను తీగ గుచ్చుకునే ప్లగ్గు పీకి చూస్తే లోపలంతా పచ్చని చిలుము. మా ఆవిడ కొంగు నుంచి పిన్నీసు తీసిచ్చింది. గీకి గీకి, గట్టిగా నొక్కి పెట్టి, ఇంజిన్ స్టార్టు చేసి కాచుకున్నాం.

"తొంభై ఏడు... తొంభై ఎనిమిది..."

ఫ్యాను ఒక్కసారిగా అందుకుంది. ఆ హోరుకు పక్క బండివాడు తిరిగి చూశాడు. కొత్త రేడియేటర్ వేసిన మహానుభావులు దాని వెనకే ఉన్న ఆ ప్లగ్గును ఒక్కసారి పీకి చూసి ఉంటే ఇంత కథ లేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

దిగేటప్పుడు ఎన్నిసార్లు ఆగినా అంకె తొంభై ఎనిమిది దాటలేదు. సేటుకు ఏసీ వేశాను. కాజీపేట దాటుతుండగా అబ్బాయి ఫోను. నేను నడుపుతున్నానని ఆమె ఎత్తింది.

"బండి మంచిగనే ఉన్నది బిడ్డా. ఆ గిరాకికి లేదని చెప్పు... మీ బాపు కాదు, నేను చెప్తాన."

మీటరును నా దగ్గరికి జరిపే పిడి ఒకటి దొరుకుతుందని తర్వాత తెలిసింది. ఆమెతో అంటే మీటరు తెరను కొంగుతో తుడిచి, తన సీట్లో సర్దుకుని కూర్చుంది. నేను ఇక కొనలేదు. ఇప్పుడు ఏ కిరాయికైనా బయలుదేరే ముందు డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంది. నేను తాళం సగం తిప్పి ఆగుతాను.

"ఆమెన్," అంటుంది కళ్లు తెరిచి, "బ్యాటరీ పన్నెండున్నర. ఇగ పోనియ్."