నీలం డబ్బా మోత

మొన్న మా ఇంట్లో ఇన్వర్టర్ పెట్టించాం. కరెంటు పోగానే అది సన్నగా గుంయ్‌మని మోగింది. ఆ మోత చెవిన పడేసరికి లేచి వెళ్లి ట్రంకుపెట్టెలోంచి ఎనభైల నాటి డైరీ తీసి, ఇన్నేళ్లూ చూడకుండా దాటేస్తూ వచ్చిన పేజీనే తెరిచాను. ఇన్వర్టర్ పక్కనే కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్న మా బావ మాత్రం తల కూడా తిప్పలేదు.

బావ అంటే మా అక్క భర్త. అప్పట్లో కొత్తవాడలో పగలంతా మగ్గం మీద జంపఖానాలు నేసి, సాయంత్రం సైకిలెక్కి హన్మకొండ వెళ్లి ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. డిస్కో పాటల కాలమని మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ పాటలకు కావలసిన గరగరలాడే గొంతు ఉత్త గిటారుకు రాదు, మధ్యలో కాలితో నొక్కే ఇనుప డబ్బా ఒకటి తగిలించాలి. బావ హైదరాబాదు పాత సామాన్ల బజారులో తిరిగి తిరిగి ఒక ఫారిన్ డబ్బా సంపాదించాడు. చౌరస్తా సందులో రేడియోలు బాగుచేసేవాణ్ని కాబట్టి దాని మంచిచెడ్డలు నావి.

పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాడు అక్క దాన్ని చూసి మూతి విరిచింది. “తమ్మీ, గీ తుప్పువట్టిన డబ్బను దసరాకు పూజల ఎట్ల వెడ్తం? జర రంగన్న ఎయ్యరాదు” అంది. మగ్గానికీ సైకిలుకీ రంగు వేస్తున్నప్పుడు దీనికి మాత్రం ఎందుకు వేయకూడదనిపించింది నాకూ. ఏ పనీ సగం చేయడం నాకు చేతకాదు. లోపలి సామానంతా విప్పి, గరుకు కాగితంతో రుద్ది, లోపలా బయటా, రంధ్రాల అంచులతో సహా రెండు పూతలు నీలం ఎనామిల్ వేసి, బాగా ఆరాక మళ్లీ బిగించాను.

మరునాటి రిహార్సల్‌లో బావ దాన్ని నొక్కగానే పాట కంటే ముందు మోత లేచింది. “ఏం బామ్మర్దీ, డబ్బల కందిరీగలను సాదుతున్నవా?” అని బావ నవ్వాడు. మూడో రిహార్సల్‌కు ఆ నవ్వు లేదు. ఆర్కెస్ట్రా పెద్ద, హార్మోనియం వాయించే మాస్టర్ సాబ్, బావను పక్కకు పిలిచి, దసరా మరునాటి ప్రోగ్రాములో కూడా ఇట్లాగే ఉంటే వేరే గిటారు మనిషిని చూసుకోక తప్పదని చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు, చెప్పేటప్పుడు బావ భుజం మీది చేయి తీయలేదు.

డైరీలో ఆ వారమంతా నా పరీక్షలే. బ్యాటరీ కొత్తది వేశాను, మోత. తీగ మార్చాను, మోత. ట్యూబులైటు ఆర్పించాను, కొద్దిగా తగ్గినా మోతే. విప్పినప్పుడు ఏదో తీగ కదిలి ఉంటుందని ప్రతి అతుకునూ మళ్లీ కరిగించి అతికాను. చివరికి లోపలి సామాను బయటికి తీసి బల్ల మీద పరిచి చూస్తే అప్పుడూ మోగింది. డబ్బాలో ఉన్నా మోతే, బయట ఉన్నా మోతే, కాబట్టి తప్పు డబ్బాది కాదు అని రాసి కింద గీత కూడా గీశాను. తొమ్మిదో రోజు, సద్దుల బతుకమ్మ నాటికి నాకు అన్నం సహించడం మానేసింది. అక్క నా ముఖం చూసి కంచం తీసుకెళ్లేది.

ఆయుధపూజలో ఆ డబ్బా పసుపు కుంకుమలతో మెరిసిపోయింది. మరునాడు స్టేజీ మీద రంగురంగుల లైట్లు వెలగగానే మోత రెట్టింపైంది. ముందు వరుసలోంచి ఎవడో “ఓ గిటారన్నా, ముందుగాల ఆ గిర్ని బంద్ చెయ్యే!” అని అరిచాడు. జనం పిండిమరను తలచుకుని విరగబడి నవ్వారు. మాస్టర్ సాబ్ తానే లేచి వచ్చి తీగ పీకాడు. “బేటా, నీ చేతుల పాట ఉన్నది. గానీ గీ మోతల అది ఎవనికి ఇనవడ్తది?” అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత, ఎందుకో పట్టుదలగా ఆ డబ్బాను కొట్లో స్పీకరుకు తగిలించి, అది మోగుతుండగానే మళ్లీ విప్పుతూ తీగ గుచ్చే చోట నట్టును తిప్పితే, దాని కింద నీలం రంగు పెచ్చుగా లేచి ఇనుము బయటపడింది. నట్టు ఇనుముకు తగలగానే మోత టక్కున ఆగింది. చుట్టూ ఇనుప గోడ ఉండి, ఆ గోడ లోపలి తీగకు తగులుతూ ఉంటేనే బయటి కరెంటు రొద లోపలికి రాదు. నేను రంగు పూసి ఆ రెంటినీ విడదీశాను. బల్ల మీద పరిచినప్పుడు గోడే లేదు, కాబట్టి మోగింది. ఇంత చిన్న సంగతి.

పరుగున ఇంటికి వెళ్లాను. అప్పటికే ఆర్కెస్ట్రాలో కొత్త మనిషి చేరాడు, మగ్గం కూలి ఒక్కదానితో ఇల్లు గడవదని బావ భీవండి మరమగ్గాలకు పోవడానికి పెట్టె సర్దుకుంటున్నాడు. రంగు మాట చెబితే, వేయమన్నది తానే కదా అని అక్క జీవితాంతం కుమిలిపోతుందనుకున్నాను. నా తప్పు బయటపడుతుందన్న భయం కూడా అందులో సగం ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ రోజు డైరీలో “లోపం దొరకలేదు” అని రాశాను. నా డైరీలన్నిటిలో అబద్ధం అదొక్కటే.

ఇప్పుడు గిటారు గరగర కావాలంటే సెల్‌ఫోనులోనే ఉందట, ఏ డబ్బాకూ రంగు వేయాల్సిన పని లేదు. అక్క పోయి మూడేళ్లయింది. భీవండిలో ఇరవై ఏళ్ల మరమగ్గాల చప్పుడు బావ చెవులను తినేసింది. మొన్న డైరీ పట్టుకుని ఆయన ముందు కూర్చుని, ఆ డబ్బా మోతకు కారణం నేనే బావా అని గట్టిగానే చెప్పాను. ఆయన నా పెదవుల వంక కాసేపు చూసి, నవ్వి, ఖాళీ కప్పు నా చేతికిచ్చాడు. “చాలు బామ్మర్దీ, ఇంక చాయ్ వద్దు” అన్నాడు.