శుభలేఖ వెనక పిల్లి

మా మరిది పెళ్లికి శుభలేఖలు పంచుతున్న రోజులవి. మాది రేపల్లె. రెండో తరగతి చదివే మా అమ్మాయి చిన్నీకీ నాకూ ఒక పిచ్చి ఉంది. చుట్టాల మీద నేను పాట కడతాను, అది రాసుకుని బొమ్మ వేస్తుంది. తెల్ల కాగితం కనిపిస్తే ఆగదు. నేను కార్డుల అంచులకు పసుపు రాస్తుంటే, వాటి వెనకవైపు తెల్లగా ఉందని అది కనిపెట్టిన సంగతి నాకు తెలియదు.

తెనాలిలో మా మామగారి అన్నయ్యకు కార్డు ఇచ్చాం. పేరు ముందు ‘శ్రీ’ లేదని ఒక పెళ్లికే వెళ్లడం మానేసిన మనిషాయన. కళ్లజోడు పెట్టుకుని అంతా చదివి, వెనక్కి తిప్పి, పైకే అందుకున్నారు.

“తెనాలి తాతయ్య గురక
గుర్రు గుర్రు గుర్రు!
పొట్ట మీద ఎక్కిన పిల్లి
జర్రు జర్రు జర్రు!”

కింద కొండంత పొట్ట, జారుతున్న పిల్లి. చిన్నీ నా కుచ్చిళ్ల వెనక దాక్కుంది. నేను దాక్కోవడానికి ఎవరి కుచ్చిళ్లూ లేవు. మా ఆయన ఫ్యాను వంక చూస్తున్నారు.

“ఎవరు కట్టారమ్మా ఇది?”

“నేనేనండి మామయ్యగారూ.”

“బొమ్మ?”

చిన్నీ వెనక నుంచే చెయ్యెత్తింది.

“మీసం ఏదే? పెట్టు” అంటూ జేబులోని పెన్ను తీసిచ్చారు.

పెళ్లిలో ఆ కార్డు పందిరంతా తిప్పారాయన. బాపట్ల నుంచి వచ్చిన మా ఆడపడుచు మాత్రం మూతి ముడుచుకుని, భోజనానికి లేవనంది.

“మాకు ఉత్త కార్డు ఇస్తారా వదినా? మా ఆయనకి మాత్రం పొట్ట లేదా ఏంటి?”

చుట్టాలందరికీ మర్యాద ఒకేలా జరగాలని మా అత్తగారు చెబుతూనే ఉంటారు. వెక్కిరింత కూడా ఆ లెక్కలోకే వస్తుందని నాకప్పుడు తెలిసింది.