ఇంట్లో ఎవరూ లేరండి

తెనాలి నుంచి నందివెలుగు వెళ్ళే రోడ్డు మీద బసవేశ్వరరావుకి ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ముందు రేకుల షెడ్డు, వెనక రెండు గదుల ఇల్లు, మధ్య గుమ్మానికి పాత చీరతో కుట్టిన పరదా. పరదాకి ఇవతల గ్రీజు వాసన, అవతల పోపు వాసన. బసవేశ్వరరావు షెడ్డులో ఉండేదానికంటే ఊళ్ళ మీద ఉండేదే ఎక్కువ. కొల్లూరు లంకల్లో అరటితోటలకి నీళ్ళు తోడే ఇంజను ఆగిందని కబురొస్తే సామాన్ల సంచీ తగిలించుకుని మోపెడ్ మీద వెళ్ళిపోయేవాడు.

రెండువేల సంవత్సరం వేసవిలో ఒక మధ్యాహ్నం కొల్లూరు రైతు శివరామయ్య వచ్చి షెడ్డు ముందు కేకేశాడు.

"ఎవరన్నా ఉన్నారా?"

ఆరేళ్ళ హిమబిందు గడప మీద కూర్చుని చింతగింజలతో ఆడుకుంటోంది. తలెత్తి, "ఎవరూ లేరండి" అంది.

"మరి నువ్వెవరివే?"

"నేను బిందునండి."

"నువ్వున్నావుగా!"

బిందు కాస్త ఆలోచించింది. "నేనున్నాను గానండి, ఎవరూ లేరు."

శివరామయ్య పకపకా నవ్వి, తువ్వాలు భుజాన వేసుకుని ఇంకో షెడ్డు వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. పరదా వెనక బియ్యం ఏరుకుంటున్న జయలక్ష్మికి మాత్రం నవ్వు రాలేదు. ఆ మాట పిల్లది కాదు, తనది. రేపల్లె నుంచి కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆమె పరదా చాటునుంచి చెబుతున్నది అదే. అంతకుముందు అత్తగారు రంగనాయకమ్మ చెప్పేది. ఇంట్లో మగవాళ్ళు లేరని చెప్పడానికి ఆ వీధి ఆడవాళ్ళంతా అనే మాటే. పెద్దవాళ్ళ నోట అది మర్యాద. పిల్ల దాన్ని నిజమనుకుంది. తాను మనిషి లెక్కలోకి రానని ఆరేళ్ళకే నమ్మేసింది.

ఆ రాత్రి భర్తకి అన్నం వడ్డిస్తూ జయలక్ష్మి అడిగింది. "ఎవరన్నా వచ్చి ఇంజను ఆగిపోయిందంటే మీరు ముందు ఏం అడుగుతారండీ?"

"నీకెందుకు?"

"నాక్కాదు, బిందుకి."

"దానికి ఇంజను దేనికే?"

"ఇంజను కాదండీ. మనిషొస్తే నాలుగు మాటలు అడగడం తెలియాలిగా."

బసవేశ్వరరావు ముద్ద కలుపుతూ చెప్పాడు. "ఏ ఊరు, ఏ ఇంజను, పొగెలా వస్తోంది. నల్లగా వస్తే ఒక జబ్బు, తెల్లగా వస్తే ఒక జబ్బు."

మర్నాటి నుంచి ఆ మూడు ప్రశ్నలు బిందువి. జయలక్ష్మి వాటిని పద్యంలా వల్లె వేయించలేదు. ఎవరన్నా వస్తే పరదా వెనకనుంచి పిల్ల వీపు మీద చెయ్యి వేసి ముందుకి పంపేది, అంతే. మొదట్లో బిందు మూడూ కలిపి ఒక్క ఊపిరిలో అడిగేసి లోపలికి పరిగెత్తుకొచ్చేది. జవాబు వినేది కాదు. "వాళ్ళేం చెప్పారే?" అంటే తెల్లమొహం వేసేది. "వెళ్ళి మళ్ళీ అడుగు" అనేది తల్లి. మళ్ళీ వెళ్ళేది. కొన్నాళ్ళకి రైతులకి అదో సరదా అయింది. "డాక్టరమ్మా, మా ఇంజను తెల్లపొగ కక్కుతోంది, నాన్నకి చెప్పు" అని పోయేవాళ్ళు. పొద్దుపోయి వచ్చిన తండ్రికి బిందు ఆ కబుర్లు అప్పజెప్పేది. ఒక్కోసారి ఊళ్ళు తారుమారయ్యేవి. కొల్లూరు ఇంజను కోసం ఆయన ఇంకో ఊరు వెళ్ళి వచ్చిన రోజు ఇంట్లో పెద్ద గొడవే అయింది.

"పిల్లచేత చెప్పిస్తే ఇలాగే ఉంటుంది" అన్నాడాయన.

"మీరూ మొదట్లో బోల్టులు తారుమారు చేసే ఉంటారుగా" అంది జయలక్ష్మి.

రేపల్లెలో పుట్టింటికి వెళ్ళాలంటే తెనాలి స్టేషనులో రైలెక్కాలి. ఆ టిక్కెట్టు కూడా బిందుచేతే కొనిపించేది. తాను స్తంభం పక్కన చంటిదాన్ని ఎత్తుకుని నిలబడేది. బిందు చెల్లెలైన ఆ చంటిదాని పేరు మౌనిక. పేరు మౌనికే గానీ పుట్టినప్పటి నుంచీ నోరు రేడియో. ఒకసారి వరసలో బిందు ముందున్నాయన బాపట్లకి టిక్కెట్టు తీసుకున్నాడు. కౌంటర్లో మనిషి "నీకేంటమ్మా?" అనేసరికి బిందుకి కంగారు పుట్టి, "మాక్కూడా అదే ఇవ్వండి" అంది. చేతిలోకి బాపట్ల టిక్కెట్లు వచ్చాయి.

జయలక్ష్మి వాటిని చూసి తిరిగి పిల్ల చేతిలోనే పెట్టింది. "మనం వెళ్ళేది అమ్మమ్మ ఊరు. వెళ్ళి చెప్పు."

"నువ్వు రా అమ్మా."

"నేనిక్కడే ఉంటా. కనపడుతూనే ఉంటాగా."

బిందు కళ్ళనీళ్ళతో మళ్ళీ వరసలో నిలబడింది. కౌంటర్లో ఆయన విసుక్కున్నాడు, పెద్దవాళ్ళెవరూ లేరా అన్నాడు, చివరికి మార్చి ఇచ్చాడు. ఈలోగా రేపల్లె బండి వెళ్ళిపోయింది. తర్వాతి బండి వచ్చేదాకా ముగ్గురూ ప్లాట్‌ఫారం మీద కూర్చుని, అమ్మమ్మకని తెచ్చిన జంతికలు తామే తినేశారు. రేపల్లెలో అమ్మమ్మ "ఇంత ఆలస్యమైందేం?" అంటే జయలక్ష్మి కూతురి వైపు చూసింది. "నేను బాపట్ల టిక్కెట్టు కొన్నా అమ్మమ్మా. మళ్ళీ నేనే మార్చా" అంది బిందు. రెండో మాట కాస్త గట్టిగానే అంది.

అలా కొన్నేళ్ళు గడిచాయి. బడిలో లెక్క అర్థం కాకపోతే టీచర్ని మళ్ళీ అడగడం, సైకిలు చైను ఊడితే తానే వేసుకోవడం, పెళ్ళిళ్ళలో బంధువులు బుగ్గ గిల్లి పాట పాడమంటే ఇష్టం లేకపోతే "ఇప్పుడు కాదండి" అనడం, ఒకటి వచ్చాక ఇంకోటి. శెభాష్ అనడం జయలక్ష్మికి పెద్దగా చేతకాదు. ఒక పని వస్తే దానికంటే కాస్త బరువైన పని అప్పజెప్పేది. బడి లేనప్పుడు బిందు తండ్రి పక్కన చేరి స్పానర్లు అందిస్తూ, విప్పిన భాగాల్ని కిరసనాయిలుతో కడిగేది.

"దాన్ని మగరాయుడిలా పెంచుతున్నావు" అనేది రంగనాయకమ్మ.

"మగరాయుడూ వద్దు, ఆడరాయుడూ వద్దు అత్తయ్యా. పిలిస్తే పలికితే చాలు."

రెండువేల ఏడులో బిందు పెద్దమనిషి అయింది. చాప వేసి కూర్చోబెట్టారు, నువ్వుల చిమ్మిలి పెట్టారు, పేరంటాళ్ళు వచ్చి అక్షింతలు వేశారు. అంతా అయ్యాక రంగనాయకమ్మ కొడుకుతో, "ఇంక పిల్ల షెడ్డులోకి రాకూడదు. ఎదురుగా టీ బడ్డీ, ఎప్పుడూ కుర్రకారు" అంది. ఆయన సరేనన్నాడు. జయలక్ష్మి వాదనకి సిద్ధపడింది గానీ, వింత ఏమిటంటే, వాదించడానికి బిందు తోడు రాలేదు. చున్నీ కప్పుకుని లోపలే ఉండసాగింది. పరీక్షలని ఒకసారి, తలనొప్పని ఒకసారి. జయలక్ష్మి, పోనీలే, ఈ వయసులో ఉండేదే అనుకుంది.

ఒక సాయంత్రం ఆమె పెరట్లో బట్టలు తీస్తోంది. షెడ్డు ముందు ఎవరో కేకేశారు. పరదా వెనకనుంచి బిందు గొంతు వినపడింది.

"ఎవరూ లేరండి."

జయలక్ష్మి చేతిలో బట్టలు తీగ మీద పడేసి లోపలికి వచ్చింది. బిందు తల దించుకుంది.

"ఎవరేమన్నారే?"

చున్నీ కొస ముడేస్తూ చెప్పింది. టీ బడ్డీ దగ్గర కూర్చునే కుర్రాళ్ళు ఆమె బడికి వెళ్ళేటప్పుడల్లా, "డాక్టరమ్మా, పొగ నల్లగానా తెల్లగానా?" అని ఈలలు వేస్తున్నారు.

బసవేశ్వరరావుకి ఆ సంగతి తెలిసి, "అందుకే అమ్మ లోపలుండమంది" అన్నాడు.

"అది లోపలుంటే వాళ్ళ నోళ్ళు మూతపడతాయా?" అని అడిగింది జయలక్ష్మి.

ఆమె కూతురికి నీతులు చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం వంటింటి పని ముగించుకుని, ఒక ఇనప స్టూలు తీసుకుని, పరదా తొలగించుకుని వెళ్ళి షెడ్డు ముందు వేసుకుని కూర్చుంది. కాపురానికి వచ్చాక ఆమె అక్కడ కూర్చోవడం అదే మొదలు. పిల్లని ముందుకి పంపింది గానీ తాను ఎన్నడూ పరదా దాటలేదు. రోడ్డు మీద పోయేవాళ్ళు తలతిప్పి చూశారు. ఆమెకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒక స్పానరు తీసి తుడవడం మొదలుపెట్టింది.

"ఏంటి ఆంటీ, కొత్త మెకానిక్కు మీరేనా?" అన్నాడు టీ బడ్డీ దగ్గర ఒకడు.

"ఇంకా కాలేదు నాయనా. నేర్చుకోవాలి. నీలాగ పుట్టుకతోనే అన్నీ వచ్చినవాళ్ళం కాదుగా."

బడ్డీ యజమాని జార్జి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. "తాగిన గ్లాసు పెట్టి లెగరా, చాల్లే" అన్నాడు.

రోజూ అలాగే కూర్చుంది. వచ్చినవాళ్ళని ఆ మూడు ప్రశ్నలూ అడిగేది. బిందు పరదా సందులోంచి చూసేది. బయటికి మాత్రం రాలేదు.

ఒక రోజు శివరామయ్య ట్రాక్టరుతో వచ్చాడు. ఆయన ఇంజను బాగుచేసి షెడ్డులో దిమ్మ మీద బిగించి ఉంది. బసవేశ్వరరావు బాపట్ల వెళ్ళాడు.

"ఒకసారి నడిపి వినిపిస్తే ఎక్కించుకుపోతానమ్మాయ్. నా భుజం పట్టేసింది, లేకపోతే నేనే తిప్పుదును" అన్నాడు శివరామయ్య.

జయలక్ష్మి లేచింది. భర్త ఆ పని చేయడం ఆమె ఎన్నోసార్లు చూసింది. పైనున్న చిన్న పిడి ఎత్తిపట్టి, హాండిల్ వేగంగా తిప్పి, చక్రం ఊపందుకోగానే పిడి వదిలేయాలి. పమిట బొడ్లో దోపుకుని, హాండిల్‌ని గుప్పిట బిగించి పట్టుకుంది.

"అమ్మా, ఆగు! బొటనవేలు!"

పరదా కొక్కెం ఊడి ఒక పక్కకి వేలాడింది. బిందు వచ్చి తల్లి చెయ్యి లాగేసింది. "ఇలా పట్టుకుంటే హాండిల్ ఎదురు తన్నినప్పుడు వేలు విరుగుతుంది. బొటనవేలు కూడా మిగతా వేళ్ళ పక్కనే ఉండాలి, ఇదుగో. నాన్న నాకు ముందు నేర్పింది ఇదే. జరుగు. నేను తిప్పుతా. నువ్వు పిడి పట్టుకుని, నేను చెప్పగానే వదులు."

మొదటిసారి జయలక్ష్మి తొందరపడి వదిలేసింది. చక్రం ఆగిపోయింది. "అప్పుడే వదిలేశావేంటమ్మా!" అని కసిరింది కూతురు. చున్నీ తీసి స్టూలు మీద పడేసి మళ్ళీ తిప్పింది. మొహం కందిపోయింది. "ఆఁ, వదులు!" ఇంజను ఒకసారి దగ్గి, అందుకుని, షెడ్డు రేకులన్నీ అదిరేలా కొట్టుకోసాగింది.

ఎదురుగా ఎవరన్నా ఈల వేశారో లేదో, ఆ చప్పుడులో వినపడే వీల్లేదు. బిందు అటు చూడలేదు. గొట్టం చివర పొగ వైపే చూస్తోంది. మొదట నల్లగా వచ్చి, పలచబడింది.

"బానే ఉంది తాతా, తీసుకెళ్ళండి" అని అరిచింది.

ఆ రాత్రి తల్లి పక్కన పడుకుని అడిగింది. "కావాలనే అలా పట్టుకున్నావా?"

"లేదే. నిజంగానే తెలీదు. ఇన్నేళ్ళూ పరదా చాటునుంచి చూశాగా. చెయ్యి కనపడింది గానీ వేలు కనపడలేదు."

ఊడిన పరదాని ఎవరూ మళ్ళీ తగిలించలేదు.

రెండువేల తొమ్మిదిలో పది పాసయ్యాక బిందుకి బాపట్లలో మెకానికల్ డిప్లొమాలో సీటు వచ్చింది. హాస్టల్లో ఉండాలి. తండ్రి తెనాలిలోనే ఇంటర్ చదవమన్నాడు. జయలక్ష్మి నోరు తెరవబోయింది.

"నువ్వు మాట్లాడకమ్మా. నేనడుగుతా" అంది బిందు. తండ్రి ఇంజను విప్పుతున్నాడు. ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"క్లాసులో అందరూ మగపిల్లలేనే" అన్నాడాయన.

"షెడ్డుకొచ్చేవాళ్ళూ మగవాళ్ళేగా నాన్నా."

"ఇక్కడంటే మేమున్నాం. అక్కడ నీకెవరున్నారే?"

"నేనున్నాను నాన్నా."

బసవేశ్వరరావు చేతిలోని నట్టుని చాలాసేపు తుడిచాడు. తర్వాత, "పధ్నాలుగు నంబరు స్పానరు ఇలా ఇవ్వు" అన్నాడు. కాసేపటికి, "హాస్టలు నేనే చూడాలి ముందు. తలుపులూ గొళ్ళేలూ ఎలా ఉన్నాయో" అన్నాడు. చూసి వచ్చి ఒక గొళ్ళెం తానే మార్చి వచ్చానని చెప్పాడు.

ప్రయాణం రోజు ఇంట్లోవాళ్ళంతా స్టేషనుకి వెళ్ళారు. మోకాళ్ళ నొప్పులని రంగనాయకమ్మ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. కౌంటర్ దగ్గర బిందు, "బాపట్లకండి" అంది. బాపట్లదాకా వస్తానన్న తండ్రిని వద్దంది. జయలక్ష్మి ఈసారి స్తంభం పక్కన నిలబడలేదు. వరస పక్కనే నిలబడి మౌనిక వాగుడు వింది. ప్లాట్‌ఫారం మీద బండి కదిలాక చెయ్యి ఊపి వెనక్కి తిరిగింది.

వాళ్ళు ఇంటికి వచ్చేసరికి రంగనాయకమ్మ షెడ్డు ముందు ఇనప స్టూలు మీద కూర్చుని ఉంది.

"కొల్లూరునుంచి ఎవరో వచ్చాడ్రా" అంది కొడుకుతో. "ఇంజను తెల్లపొగ కక్కుతోందంట. పొద్దున్నే రమ్మన్నాడు."

బసవేశ్వరరావు ఆశ్చర్యంగా చూశాడు. "ఎవరూ లేరని చెప్పలేదా అమ్మా?"

రంగనాయకమ్మకి కోపం వచ్చింది.

"ఎందుకు లేరు? నేను లేనా ఏంటి?"